దివిటిపల్లి దగ్గర నన్ను పక్కకు లాగిన అన్నకు

మొన్న ఆదివారం పొద్దున దివిటిపల్లి, మహబూబ్‌నగర్ మధ్య పట్టాల పక్కన నన్ను కాపాడిన, పట్టాలు తనిఖీ చేసే కీమ్యాన్ అన్నా, ఆ కంగారులో మీ పేరు కూడా అడగలేకపోయాను. అందుకే అందరి ముందు రాస్తున్నాను.

గూడ్సు బండి వస్తుంటే ఫొటో తీస్తూ తీస్తూ రెండో లైను అంచు దాకా పోయాను. గూడ్సు చప్పుడులో వెనక నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ హారన్ వినబడలేదు. "జరుగు తమ్మీ, ఎన్క బండొస్తుంది!" అని మీరు రెండుసార్లు అరిచారట, అదీ వినలేదు. మీ చెయ్యి భుజం మీద పడ్డాకే తెలిసింది. బండి పోతుంటే దుమ్ము మొహాన కొట్టింది. మీ చంకలో చుట్టి పెట్టుకున్న ఎర్రజెండా, చేతిలో సుత్తె ఇంకా కళ్ల ముందే ఉన్నాయి.

మీరు తిట్టలేదు. మీ సీసాలో నీళ్లు తాగించారు. ఫోన్ తెరలో దూరంగా కనబడే బండి నిజానికి దగ్గరికి వచ్చేసి ఉంటుందన్నారు. పైన తీగల్లో 25,000 వోల్టుల కరెంటు, సెల్ఫీ స్టిక్ ఎత్తొద్దన్నారు. ఇంటికొచ్చి లెక్కేశాను: గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. నేను తల తిప్పేలోపే అయిపోయేది.

రైలు ఫొటోలు మానలేదన్నా, మానలేను కూడా. కానీ ఇప్పుడు జడ్చర్ల ప్లాట్‌ఫారం మీద, పసుపు గీత వెనకే నిలబడుతున్నాను. అమ్మకు ఇంకా చెప్పలేదు. ఈ వారం చెప్తాను, మీ గురించి కూడా. మీకు రుణపడి ఉంటాను.