శాతం తేల్చారు, అవసరం ఎవరు రాస్తారు? కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

ఆదోని డివిజన్‌లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పేవాళ్లం, ఫిజియోథెరపీ చేసేవాళ్లం, వినికిడి పరీక్షలు చేసి మాటలు నేర్పేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. విద్యాశాఖకు ఒకటి, వైద్య ఆరోగ్య శాఖకు ఒకటి విడిగా రాయకుండా మీకే రాయడానికి కారణం ఉంది. ఈ పిల్లల విషయంలో రెండు శాఖలూ కలిసేది మీ దగ్గరే.

వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరంలో బిడ్డను చూసి ఇచ్చే ధ్రువపత్రం మీద వైకల్యం పేరు, శాతం ఉంటాయి. ఆ కాగితం విలువ తక్కువేమీ కాదు. ఎన్టీఆర్ భరోసా పింఛను కింద నెలకు 6,000 రూపాయలు అందే ఇంట్లో ఆ డబ్బే బియ్యం, ఆ డబ్బే మందులు. అయితే శాతమనేది ఎవరు అర్హులో తేల్చడానికి పెట్టుకున్న కొలత. బిడ్డకు రేపటి నుంచి ఏం కావాలో అది చెప్పదు. కాళ్లు బిగుసుకుపోయిన ఇద్దరు పిల్లలకు ఒకే 75 శాతం రావచ్చు. ఒకరికి సరైన క్యాలిపర్ (కాలికి ఊతమిచ్చే పట్టీల చట్రం), వాకర్ ఇస్తే బడికి నడిచొస్తారు. రెండో బిడ్డకు మెడ నిలవదు, మింగడం కష్టం, మూర్ఛలు వస్తాయి. ఆ బిడ్డకు ముందు కావాల్సింది తిండి ఎలా పెట్టాలో తల్లికి నేర్పే మనిషి, వేళ తప్పని మందు, వెన్ను నిలబెట్టే కుర్చీ. రెండు ఇళ్లకూ వెళ్లేది మాత్రం ఒకే అంకె.

చట్టం శాతం దగ్గర ఆగలేదు. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఏ విద్యార్థికి ఏ సాయం కావాలో అది విడిగా అందించాలనీ, ఒక్కొక్కరి ప్రగతినీ గమనిస్తూ ఉండాలనీ 16వ సెక్షన్ చెబుతోంది. ఎక్కువ సాయం అవసరమైనవారి అవసరాలను అంచనా వేయడానికి 38వ సెక్షన్ ప్రత్యేక బోర్డునే పెట్టమంది.

అందుకే శాతం రాసిన కాగితం వెంట ఇంకో కాగితం ఉండాలని అడుగుతున్నాం. దానికి అవసరాల పత్రమని పేరు పెట్టినా, ఇంకేమన్నా అభ్యంతరం లేదు. బిడ్డ ఇవాళ తనంత తానుగా ఏం చేయగలడు, ఎక్కడ ఆగిపోతున్నాడు, అక్కడ ఏ పరికరం కావాలి, ఏ మనిషి సాయం కావాలి, బడిలో ఏం మార్చాలి, అది ఎవరు ఏ తేదీలోగా చేయాలి, మళ్లీ ఎప్పుడు చూడాలి. ఇదంతా ఒక్క పేజీలో పడుతుంది. కానీ ఒక్కరు కూర్చుని రాస్తే పనికిరాదు. థెరపిస్టు, ప్రత్యేక ఉపాధ్యాయులు, తరగతి ఉపాధ్యాయులు, తల్లి నలుగురూ ఉండాలి. బిడ్డ రాత్రి ఎలా పడుకుంటాడో, ఏ ముద్ద మింగగలడో తల్లికి తప్ప ఇంకెవరికీ తెలియదు. 40 శాతం లోపు వచ్చిన పిల్లలకూ ఈ పత్రం రాయాలి. 30 శాతం వచ్చిన బిడ్డకు పింఛను రాకపోవచ్చు. తరగతిలో పాఠం వినపడకపోవడం మాత్రం ఆగదు.

వినికిడి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆలస్యానికి అత్యంత ఖరీదు కట్టేది ఇక్కడే. పుట్టిన నెలలోపు చెవుల స్క్రీనింగ్, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా వినికిడి యంత్రం అన్నది నిపుణులు పెట్టుకున్న గడువు. మేనరికాలు ఎక్కువున్న మన ప్రాంతంలో పుట్టుకతో వచ్చే చెవుడును ఇంకా ముందే వెతకాలి. మరి జరుగుతున్నదేమిటి? మూడేళ్లొచ్చినా మాట రాకపోతే గానీ ఎవరికీ అనుమానం రాదు. అప్పుడు శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే బేరా పరీక్షకు కర్నూలు పంపుతారు. ఆదోని నుంచే దాదాపు వంద కిలోమీటర్లు. బేరాకు బిడ్డ గాఢనిద్రలో ఉండాలి. తెల్లవారుజామున బస్సెక్కిన బిడ్డ దారంతా పడుకుని, పరీక్ష వేళకు హుషారుగా లేచి కూర్చుంటుంది. పరీక్ష జరగదు, ఇంకో తేదీ ఇస్తారు, ఆ తేదీకి కూలి పోగొట్టుకుని ఆ తల్లి మళ్లీ రాదు. రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టండి, దారిలో నిద్రపోనివ్వకండి, పరీక్షకు ముందే పాలిచ్చి నిద్రపుచ్చండి అని పంపేటప్పుడే చెబితే సగం తిప్పట తప్పుతుంది. చెవిలో చీము కారుతున్న పిల్లలకైతే ముందు దానికి వైద్యం కావాలి. చీము కారే చెవిలో అచ్చు, అంటే యంత్రాన్ని చెవిలో నిలిపే బిరడా, పెట్టకూడదు.

యంత్రం ఇచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. చిన్నపిల్లల చెవి పెరుగుతూ ఉంటుంది గనుక మూడు నుంచి ఆరు నెలలకోసారి చెవి అచ్చు మార్చాలి. అచ్చు వదులైతే యంత్రం ఈల వేస్తుంది. పక్కనున్న పిల్లలు నవ్వుతారు, బిడ్డ తీసి సంచిలో పడేస్తుంది. పాడైందని అందరూ అనుకునే యంత్రాల్లో చాలావాటికి కావాల్సింది కొత్త అచ్చు మాత్రమే. ఇక బ్యాటరీలు. స్టిక్కర్ తీసిన క్షణం నుంచి అవి ఖర్చవడం మొదలవుతుంది, రోజంతా వాడితే ఒక్కోటి వారం నుంచి రెండు మూడు వారాలు వస్తుంది. రెండు చెవులకు నెలకు మూడు నుంచి ఎనిమిది దాకా కావాలి. ఊళ్లో కిరాణా కొట్లో అవి దొరకవు. యంత్రంతో పాటు ఏడాదికి సరిపడా బ్యాటరీలు, మూడు నుంచి ఆరు నెలలకోసారి అచ్చు తీసే ఏర్పాటు ఆదోనిలోనే ఉండాలి. కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ అయిన పిల్లలకు ఏడాది రెండేళ్లపాటు వారంవారం మాటల శిక్షణ లేకపోతే లక్షల రూపాయల పరికరం చప్పుళ్లు వినిపించడం దగ్గరే ఆగిపోతుంది.

క్యాలిపర్లు, కుర్చీలదీ ఇదే వరస. కొలతలు తీసుకునే శిబిరం ఒకరోజు, పంపిణీ శిబిరం ఇంకోరోజు. మధ్యలో నెలలు గడిస్తే ఎదిగే బిడ్డ కాలు ఆగదు. ఇచ్చిననాడే బిగుతుగా ఉన్న క్యాలిపర్ మడమ దగ్గర పుండు చేస్తుంది, పుండు పడ్డాక ఎంత బతిమాలినా బిడ్డ తొడగనివ్వదు. కొలత తీసిన 60 రోజుల్లోపు పరికరం చేతికి రావాలి. అంతకు దాటితే ఇచ్చేముందు మళ్లీ కొలవాలి. చక్రాల కుర్చీకి నాలుగు కొలతలు తప్పనిసరి: తుంటి వెడల్పు, తుంటి వెనక నుంచి మోకాలి వెనక దాకా, మోకాలి వెనక నుంచి మడమ దాకా, కూర్చున్న చోటి నుంచి భుజం దాకా. సీటు తుంటి కన్నా ఒక అంగుళం వెడల్పుంటే చాలు. సీటు అంచుకూ మోకాలి వెనక మడతకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. పెద్దల కుర్చీలో చిన్నబిడ్డను కూర్చోబెడితే పక్కకు ఒరుగుతూ, ముందుకు జారుతూ క్రమంగా వెన్ను వంకర తిరిగే ప్రమాదం ఉంది. ఆ వంకరను తర్వాత ఏ కుర్చీ సరిచేయలేదు. బడి ర్యాంపుల గురించి ఒక్కమాట: ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుండాలి, మరుగుదొడ్డి తలుపు 90 సెంటీమీటర్ల వెడల్పు తెరుచుకోవాలి. ఆరు అడుగుల్లో ముగించిన ర్యాంపు మీద కుర్చీని తల్లి తోయలేదు, దిగేటప్పుడు ఆపలేదు.

మూర్ఛ మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది. 12 కిలోలప్పుడు రాసిన చీటీతోనే 18 కిలోలయ్యేదాకా మందు కొంటున్న ఇళ్లున్నాయి. మూర్ఛలు తిరగబెడితే మందు పనిచేయడం లేదని ఆపేస్తారు, ఉన్నట్టుండి ఆపడం అన్నిటికన్నా ప్రమాదం. అవసరాల పత్రంలో బరువుకు ఒక గడి ఉండి, ఏఎన్‌ఎం మూడు నెలలకోసారి అది నింపి, బరువు మారగానే పీహెచ్‌సీ డాక్టరుకు చూపిస్తే ఇది ఆగుతుంది. మింగడం కష్టమైన బిడ్డను పడుకోబెట్టి తినిపించకూడదు. వీపు నిటారుగా, గడ్డం కాస్త కిందికి ఉంచి, పలచటి జావ కన్నా ముద్దగా ఉన్నది చిన్న చెంచాతో పెట్టాలి. మాటిమాటికీ నిమ్ముతో ఆసుపత్రిలో చేరే పిల్లల్లో అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో ముందు చూడాలి. ఇది పది నిమిషాల్లో నేర్పగలిగే పని. నేర్పమని ఎవరికీ ఎక్కడా రాసిపెట్టలేదు.

చదువు దగ్గరికొస్తే, పరీక్ష ఏ భాషలో పెడుతున్నారన్నది మన డివిజన్‌లో పెద్ద ప్రశ్న. హొళగుంద, కౌతాళం, కోసిగి వైపు ఎన్నో ఇళ్లలో కన్నడ, ఆదోని పట్టణంలో ఉర్దూ మాట్లాడతారు. ఇంట్లో తెలుగే వినని ఆరేళ్ల బిడ్డకు తెలుగులో బుద్ధి పరీక్ష పెట్టి తక్కువ మార్కులొచ్చాయంటే అది ఆ బిడ్డ తెలివికి కొలత కాదు. వేరుశనగ బొమ్మ చూపిస్తే మన ప్రాంతపు మాటలో బుడ్డలన్న పిల్లవాడికి తప్పు వేయకూడదు. మాటలతో పనిలేని, ఆకారాల ముక్కలను గుంటల్లో అమర్చే ఫారం బోర్డు వంటి పరీక్షలు, ఇంట్లో పనులు ఎంతవరకు చేసుకుంటాడని అడిగే సామాజిక పరిణతి స్కేలు కలిపి చూడాలి. పరీక్ష ఏ భాషలో జరిగిందో ధ్రువపత్రం మీద రాయాలి. బుద్ధి తక్కువని తేల్చేముందు కళ్లు, చెవులు పరీక్షించారా లేదా అన్నది కూడా రాయాలి. కళ్లద్దాలు పెట్టగానే పుస్తకం చదివే పిల్లలను బుద్ధి వైకల్యం జాబితాలో ఉంచడం ఎంత అన్యాయమో మీకు చెప్పనక్కర్లేదు. చూపు కొంత మిగిలిన పిల్లలకు 18 పాయింట్ల పైన అచ్చువేసిన పాఠం, కిటికీ వెలుగు వెనక నుంచి పడే మొదటి బల్ల ఇస్తే చాలాసార్లు బ్రెయిలీ అవసరమే పడదు.

చదవడం, రాయడంలో ప్రత్యేక ఇబ్బంది ఉన్న పిల్లలను మూడో తరగతి నుంచి, అంటే ఎనిమిదేళ్ల నుంచి పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వవచ్చు. మళ్లీ 14 ఏళ్లకు, 18 ఏళ్లకు చూడాలి. గుణింతాల్లో హ్రస్వ దీర్ఘాలు కలిసిపోవడం, వత్తులు వదిలేయడం, నోటితో బాగా చెప్పి కాగితం మీద ఏమీ రాయలేకపోవడం దీని గుర్తులు. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) 2022లో తెచ్చిన ప్రశస్త్ యాప్‌లో వీటిని ఉపాధ్యాయులే నమోదు చేయవచ్చు. అది పిల్లలను కొంతకాలం గమనించాక నింపాల్సింది. గడువు రోజున హడావుడిగా నింపితే అల్లరివాళ్లు జాబితాలోకి ఎక్కుతారు, నోరు మెదపని ఆడపిల్లలు మిగిలిపోతారు.

వ్యక్తిగత విద్యా ప్రణాళికల విషయంలో మాలోనూ మార్పు రావాలి. అక్షరాలు గుర్తించును అని రాసి సంతకం పెట్టిన ప్రణాళిక ఎవరికీ ఉపయోగపడదు. ఇప్పుడు ఆరు అక్షరాలు గుర్తుపడుతున్నాడు, దసరా సెలవుల నాటికి 15, వారానికి నాలుగు రోజులు ఇరవై నిమిషాలు, ఇసుక కాగితం అక్షరాలతో, ఫలానా టీచరు అని రాస్తే అక్టోబరులో ఎవరైనా వచ్చి చూడగలరు. ఇంటి దగ్గర చదువు చెప్పే పిల్లల దగ్గరికి పగలు 11 గంటలకు వెళ్తే అవ్వ మాత్రమే ఉంటుంది, తల్లి కూలికి పోయి ఉంటుంది. వ్యాయామం రోజూ చేయించాల్సింది తల్లి గనుక పొద్దున్నే ఏడింటికో, సాయంత్రం ఆరు తర్వాతో వెళ్లేలా పని వేళలు మార్చండి.

పదో తరగతి పరీక్షలకు జవాబులు రాసిపెట్టే సహాయకుడు, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం కేంద్ర మార్గదర్శకాల ప్రకారం వస్తాయి. పరీక్ష ఫీజుతో పాటే ధ్రువపత్రం పంపాలి, హాల్ టికెట్ వచ్చాక పరుగెత్తితే కుదరదు. ప్రధానోపాధ్యాయులందరికీ సెప్టెంబరులోనే ఒక ఉత్తర్వు వెళ్తే చాలు.

సుగ్గి, అంటే పంట కోతల కాలపు వలస గురించి చెప్పకుండా ఈ లేఖ ముగించలేం. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, మంత్రాలయం మండలాల నుంచి పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు బండి కట్టే కుటుంబాలు దీపావళి దాటగానే మొదలై ఉగాది దాకా ఊళ్లో ఉండవు. మామూలు పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లున్నాయి. మరుగుదొడ్డికి తీసుకెళ్లాల్సిన బిడ్డను, తినిపించాల్సిన బిడ్డను చూసుకోవడానికి ఆయా లేకపోతే ఏ వార్డెనూ చేర్చుకోలేరు. ఆ బిడ్డ తల్లితో పాటు మిరప చేను గట్టున గుడారంలో ఉంటుంది. మూర్ఛ మందు అయిపోతుంది, క్యాలిపర్ ఊళ్లోనే ఉండిపోతుంది, శిబిరం తేదీ దాటిపోతుంది. ప్రతి సీజనల్ హాస్టల్‌లో పదిమంది పిల్లలకు ఒక ఆయా పోస్టు ఇవ్వండి. ఎలాగూ వెంట వెళ్లే పిల్లలకు మూడు నెలల మందు ఒకేసారి ఇప్పించండి, అవసరాల పత్రం నకలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి తల్లి చేతికివ్వండి. గుంటూరు, పల్నాడు జిల్లాల పీహెచ్‌సీలలో ఆ పత్రం చూసి మందు ఇచ్చేలా అక్కడి కలెక్టర్లతో మీరు మాట్లాడితే పని జరుగుతుంది. మా స్థాయిలో ఎవరు ఫోన్ చేసినా జరగదు.

జిల్లా అంతా ఒకేసారి మొదలుపెట్టమని కోరడం లేదు. ఈ నాలుగు మండలాల్లో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, కుటుంబాలు కదలకముందే, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రాల్లో మండలానికి నాలుగు రోజులు కేటాయించండి. రోజుకు 12 మంది పిల్లలకు మించకూడదు, ఒక్కొక్కరికి అరగంటైనా పడుతుంది. ఆడియాలజిస్టును, పిల్లల డాక్టరును ఆ రోజులకు పంపండి, తల్లులకు ఆ రోజు కూలి ఇప్పించండి. పత్రం నమూనాను తెలుగు, కన్నడ, ఉర్దూ భాషల్లో తయారుచేశాం. మీరు ఏ సోమవారం రమ్మంటే ఆ సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక దగ్గరికి తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
ఆదోని డివిజన్‌లో పనిచేస్తున్న ప్రత్యేక ఉపాధ్యాయులు, ఫిజియోథెరపిస్టులు, వినికిడి–మాటల నిపుణులు