ఆ ఇటుకల సంగతి ఎందుకు రాయలేదు, బిడ్డా?

నకిరేకల్,
ఆదివారం ఉదయం.

చిరంజీవి చిట్టితల్లికి,

నాయిన ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. ఫిజియోథెరపీ ఇంటర్న్‌షిప్ చివరి నెలల్లో రాత్రి డ్యూటీలు ఎక్కువయ్యాయని అమ్మతో అన్నావట. వేళకు తిను.

అమెరికాలో డీపీటీ, అంటే ఫిజియోథెరపీలో డాక్టర్ పట్టా చదువుకు పంపబోయే నీ వ్యాసం, దానితోపాటు నువ్వు తెలుగులో రాసిన సారాంశం రెండూ అందాయి. నిఘంటువు పక్కన పెట్టుకొని మూడుసార్లు చదివాను. ఫోన్‌లో చెబితే సగం మాటలు అమ్మ ఏడుపులో, సగం నీ తొందరలో పోతాయి కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా పిల్లల వ్యాసాలు దిద్దినవాణ్ణి గనుక నీ వ్యాసాన్ని కూడా ఎర్రసిరా కలంతోనే చదివానని తెలిస్తే నువ్వు నొచ్చుకోకు.

“మా నాన్న పోలియో బాధితుడు, ఆయన కాలిని చూస్తూ పెరిగాను” అని మొదలుపెట్టావు. చదువుతుంటే కళ్లు చెమర్చాయి, నీ దగ్గర దాచడం ఎందుకు? అయినా ఆ పేరా మొత్తం తీసెయ్యి అని అడుగుతున్నాను. నా కాలి గురించి నలుగురికి తెలియడం నాకు సిగ్గు కాదు, కాలికి ఊతనిచ్చే కాలిపర్ తొడుక్కొని నేను వేలమంది పిల్లల ముందు పాఠం చెప్పాను. కానీ వాళ్లు చేర్చుకోవలసింది నిన్ను. నా కాలికి వచ్చిన కష్టం నేను పడ్డాను, దానిలో నువ్వు చేసింది ఏమీ లేదు. పైగా మన దేశం పోలియో రహితమని 2014లోనే ప్రకటించారు. నాలాంటి కాలు ఇకమీదట నీ చేతికి రావడం అరుదు. రాబోయేది 65వ నంబరు జాతీయ రహదారి మీద బండి గుద్దుకొని తలకు దెబ్బ తగిలినవాడు, పక్షవాతంతో చెయ్యి పడిపోయిన రైతు, చెట్టు మీదినుంచి జారిన గౌడన్న. వాళ్లలో ఒకరి గురించి రాయవలసింది.

రాయడానికి నీ దగ్గర ఉంది కూడా. జూలైలో ఒక రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చేసి, “నాయినా, మన వసారాలోని నులక మంచం ఎత్తెంతో టేపు పెట్టి చూడవా, నేల నుంచి పట్టె పైదాకా” అన్నావు, గుర్తుందా? ఎందుకని అడిగితే, వార్డులో ఒక గీత కార్మికుడు ఉన్నాడనీ, మన పక్క మండలం మనిషేననీ, మోకు జారి తాటిచెట్టు మీదినుంచి పడితే వెన్నుపాము దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడిందనీ, నాలుగు రోజుల్లో ఇంటికి పంపేస్తున్నారనీ చెప్పావు. ఆసుపత్రి మంచం మీదినుంచి చక్రాల కుర్చీలోకి రెండు అరచేతుల బలంతో జరగడం ఆయన అప్పటికే నేర్చుకున్నాడు. కానీ వాళ్లింట్లో ఉన్నది ఇనుప మంచం కాదు, నులక మంచం అని ఆయన భార్య మాటల్లో నీకు తెలిసింది. నేను కొలిచి 13 అంగుళాలు అన్నాను. చక్రాల కుర్చీ సీటు 19 అంగుళాలు అన్నావు. మంచం మీదికి జారడం ఎలాగో సాగుతుంది గానీ, కాళ్లలో పట్టు లేని మనిషి ఆరంగుళాల పల్లం నుంచి భుజాల బలంతో పైకి రావడం ఎంత కష్టమో నువ్వు వివరిస్తుంటే నేను వసారాలో టేపు పట్టుకొని అలాగే నిలబడి విన్నాను.

“ఇటుక మందం ఎంత నాయినా?” అని అడిగావు. మూడంగుళాలు అన్నాను. ఒక్కో కోడు కింద రెండేసి ఇటుకలు, అవి కదలకుండా సిమెంటు, నులక కుంగి అరచెయ్యి దిగబడకుండా పట్టె పక్కన ఒక చెక్కబల్ల అని నువ్వే లెక్క కట్టావు. ఆ మర్నాడు ఆయన భార్యను కూర్చోబెట్టి, రాత్రి రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలనీ, కుర్చీలో ఉన్నప్పుడు పావుగంటకో అరగంటకో ఆయన తన చేతులతో తానే పిరుదులు పైకెత్తి పట్టుకోవాలనీ, స్పర్శ తెలియని చోట పుండు పడితే మనిషికి నొప్పి తెలియదు కాబట్టి రోజూ కంటితో చూడాలనీ చెప్పి, ఆమె చేత తిరిగి చెప్పించుకున్నానన్నావు. ఇంత పని చేసి, వ్యాసంలో దాని గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు. “సేవాభావం” అన్న మాట మాత్రం నాలుగుసార్లు వచ్చింది. నాలుగూ కొట్టేసి ఆ ఇటుకలు పెట్టు. ఆ ఇటుకలను చూస్తే నీది సేవాభావమో కాదో చదివేవాళ్లే గ్రహిస్తారు.

చోటు కూడా తక్కువ ఉంది కదా. అక్కడి ఫిజియోథెరపీ కళాశాలలకు ఉమ్మడిగా పంపే పీటీక్యాస్ దరఖాస్తులో వ్యాసానికి ఖాళీలతో, కామాలతో కలిపి 4,500 అక్షరాలే అని నువ్వే చెప్పావు. అంటే మన లెక్కలో పేజీన్నర. అందులో నీ పుట్టుపూర్వోత్తరాలకు చోటు లేదు.

రెండో పేరాలో “మా జిల్లాలో ఫ్లోరోసిస్‌ను రూపుమాపుతాను” అన్నావు. ఆ మాట కూడా నిలవదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఊళ్లలో మనం చూసిన ముసలివాళ్లను గుర్తు తెచ్చుకో. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించకూడని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరి, ఎముకలను కలిపి పట్టి ఉంచే బంధనాలు గట్టిపడి వెన్ను వెదురుబొంగులా బిగుసుకుపోయిన తరువాత, దాన్ని ఏ వ్యాయామమూ వెనక్కి తీసుకురాదు. రాకుండా ఆపింది నీళ్లు మార్చడం, పటిక, సున్నం వేసి శుద్ధి చేసే నల్లగొండ పద్ధతి, తరువాత నల్లాల్లో వచ్చిన కృష్ణా నీళ్లు. అది ఇంజనీర్ల పని. నీ పని ఆ తరువాతది. బిగుసుకుపోయిన పక్కటెముకల మధ్య ఇంకా ఎంత ఊపిరి ఆడుతుందో చూసి దాన్ని నిలబెట్టడం, మిగిలిన కదలికను పోనివ్వకుండా కాపాడటం, తలుపు గడియ అందేలా, చెంబు ఎత్తుకోగలిగేలా చేయడం. ఇది చిన్న పని అని నేను అనుకోను. చేయగలిగినంతే రాస్తే చదివేవాడు నమ్ముతాడు.

సిఫారసు లేఖల గురించి నా అభిప్రాయం అడిగావు. ప్రిన్సిపాల్ పేరు ముందు పెద్ద పదవి ఉంది, నిజమే. కానీ ఆయన నిన్ను పేషెంటు పక్కన ఎన్నడూ చూడలేదు. ఆ న్యూరో (నరాల జబ్బుల) వార్డులో నువ్వు పేషెంటు భుజం కింద చెయ్యి పెట్టి లాగినప్పుడు, చచ్చుబడిన భుజం కీలు జారిపోతుందని అందరి ముందు గట్టిగా మందలించిన సీనియర్ మేడం ఉన్నారు చూడు, ఆమెను అడుగు. నీ తప్పును, ఆ తప్పు తరువాత నీ చేతిని రెండింటినీ చూసినవాళ్లే నీ గురించి నాలుగు నిజాలు రాయగలరు. లేఖను వాళ్లే నేరుగా పంపాలి కాబట్టి కనీసం నెల ముందు అడుగు, రోజుకోసారి గుర్తు చేసి విసిగించకు.

అబ్జర్వేషన్ గంటల, అంటే ఫిజియోథెరపిస్టు పక్కన ఉండి పని చూసిన గంటల లెక్క ఒక్కో విశ్వవిద్యాలయానికి ఒక్కో తీరుగా ఉంటుందనీ, విదేశంలో చేసిన గంటలను కొందరు ఒప్పుకుంటారనీ కొందరు ఒప్పుకోరనీ అన్నావు. అడిగి రాతపూర్వకంగా తెప్పించుకో. జీఆర్‌ఈ, టోఫెల్ సంగతి నువ్వు చూసుకోగలవు.

ఇక డబ్బు, దారి. ఇది నాకు నిద్ర పట్టనివ్వని విషయం. అమెరికాలో గుర్తింపు ఉన్న కళాశాలలన్నీ 2016 నుంచి డీపీటీ పట్టానే ఇవ్వాలి కాబట్టి, అక్కడ మొదటినుంచి చదవడమంటే దాదాపు మూడేళ్లు, అందులో సగం నువ్వు ఇక్కడ నాలుగేళ్లు చదివిందే మళ్లీ చదవడం. రెండో దారి కూడా ఉందని నువ్వే చెప్పావు. ఇక్కడ హైదరాబాదు నిమ్స్‌లోనో, కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందో రెండేళ్ల ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ) న్యూరోలో చేసి, తరువాత చదివిన పాఠాలన్నీ విదేశీ చదువులను అమెరికా చదువుతో పోల్చి చూసే ఎఫ్‌సీసీపీటీ వంటి సంస్థ చేత సరిపోల్చించి, లోటు చూపిన పాఠాలు విడిగా పూర్తి చేసి, నేరుగా ఎన్‌పీటీఈ అనే అక్కడి లైసెన్సు పరీక్ష రాయడం. 200 నుంచి 800 వరకు ఉండే స్కేలులో 600 వస్తే గట్టెక్కినట్టు, ఏడాదిలో మూడుసార్లు, మొత్తం మీద ఆరుసార్లు మాత్రమే రాయనిస్తారు. కష్టమైన పరీక్షే, కానీ దాని కోసం రెండెకరాలు అమ్మనక్కరలేదు.

నా మాట సూటిగా చెబుతాను. ఎంపీటీ ప్రకటనలు రాగానే ఆ రెండు చోట్లా దరఖాస్తు చెయ్యి, ప్రవేశ పరీక్షకు ఇప్పటినుంచే చదువు. డీపీటీకి కూడా వెయ్యి, కానీ నాలుగైదు చోట్లకు మించవద్దు, ఒక్కో దరఖాస్తుకు విడివిడిగా రుసుము ఉంది. అక్కడ ఫిజియోథెరపీ కళాశాలలకు గుర్తింపునిచ్చే క్యాప్టీ సంస్థ గుర్తింపు లేని కళాశాల ఎంత తక్కువ ఫీజు చెప్పినా అటు చూడకు, అక్కడ చదివినవాళ్లను లైసెన్సు పరీక్షకు కూర్చోనివ్వరు. గుర్తింపు ఉన్నవాటిలో కూడా వాళ్ల విద్యార్థులు ఎన్‌పీటీఈలో ఎంతమంది నెగ్గారో వాళ్లే ప్రకటించాలి, రెండేళ్ల సగటు 85 శాతానికి తగ్గకూడదని క్యాప్టీ నియమం. భవనాల ఫొటోలు చూసే ముందు ఆ అంకె చూడు. పొలం సంగతి అమ్మా నేనూ మాట్లాడుకున్నాం. నీకు స్కాలర్‌షిప్‌తో సీటు వచ్చి, ఆ చదువే నీకు తగినదని నువ్వు గట్టిగా అనుకున్న రోజు ఆ మాట తియ్యి, కాదనను. బ్రోకరు చెప్పాడని మాత్రం తియ్యకు.

నా కాలి సంగతి వ్యాసంలో వద్దన్నాను గానీ, నీకు మాత్రం ఒకటి చెప్పాలి. ఇంతవరకు చెప్పలేదు. నాకు రెండేళ్లప్పుడు జ్వరం వస్తే ఎవరో సూది వేశారట, తెల్లారేసరికి ఎడమ కాలు లేవలేదు. నానమ్మ ఏళ్ల తరబడి వేడి ఇసుక మూటలు కాపింది. తొమ్మిదేళ్లప్పుడు హైదరాబాదులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ మొదట చూసినాయన ఒక్క మాటైనా మాట్లాడకుండా, బిగుసుకుపోయిన మోకాలిని పట్టి ఒక్కసారి సాగదీశాడు. నేను అరిచిన అరుపుకు నానమ్మ తలుపు తోసుకొని లోపలికి వచ్చింది. ఆ తరువాత ఏడాదిపాటు ఆసుపత్రి అంటేనే నేను మంచం కింద దూరేవాణ్ణి. ఆ ఏడాది నా కాలు ఇంకా వంకర తిరిగింది. ఆ నష్టం ఈనాటికీ నాతోనే ఉంది.

మళ్లీ తీసుకెళ్లినప్పుడు ఒక మేడం ఉంది. కాలు ముట్టుకోలేదు. “నువ్వు నడిస్తే ముందుగా ఎక్కడికి పోతావు?” అని అడిగింది. బడికి అన్నాను. బడికి మెట్లు ఎన్ని అంది. మూడు అన్నాను. ఆ గదిలో చెక్కపెట్టెలు మూడు వరసగా పేర్చి, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలం లేని కాలు ముందు అని నేర్పింది. ఇప్పటికీ బస్సు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నేను ఆ మాట లోపల అనుకుంటాను. నువ్వు మంచం ఎత్తు అడిగిన రాత్రి నాకు ఆ చెక్కపెట్టెలు కళ్ల ముందు కనిపించాయి. ఆమె నన్ను అడిగినలాంటి ప్రశ్నే నా బిడ్డ ఆ గౌడన్న కోసం అడిగింది, ఎవరూ నేర్పకుండానే. అందుకే ఆ సంగతి నీ వ్యాసంలో లేకపోతే నాకు బాధగా ఉంది.

ఇంకొకటి, మరిచిపోకుండా చెయ్యవలసింది. నీ పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది, బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) మెమోల్లో మొదటి ఏడాది ఒక స్పెల్లింగు, మిగతా ఏళ్లు మరో స్పెల్లింగు. మనకు ఇది మామూలే గానీ, మూడు సంస్థలకు మూడు పేర్లతో కాగితాలు వెళ్తే నిన్ను ముగ్గురు మనుషులనుకుంటారు. కాళోజీ విశ్వవిద్యాలయం వరంగల్‌లో ఉంది కాబట్టి ట్రాన్స్‌క్రిప్టుల కోసం ఎలాగూ వెళ్లాలి, అదే రోజు మెమో దిద్దించే దరఖాస్తు కూడా ఇద్దాం. నేనూ వస్తాను. ఒరిజినల్స్ బస్సు పార్సెల్‌లో పంపను, చేతికే ఇస్తాను.

ఆ గౌడన్న గురించి రాసేటప్పుడు పేరు, ఊరు వద్దు. అవి లేకపోయినా ఆయన బతుకులోని కష్టం అది, కాబట్టి అడగకుండా రాయకూడదు. నువ్వు ముందు ఫోన్ చేసి నేను వస్తున్నానని చెబితే, వచ్చే ఆదివారం వాళ్లింటికి వెళ్లి, నువ్వు ఏం రాయబోతున్నావో తెలుగులో చదివి వినిపించి ఒప్పుకుంటాడో లేదో అడుగుతాను. మంచం కోళ్ల కింద ఇటుకలు గట్టిగా ఉన్నాయో కదులుతున్నాయో కూడా చూసి, ఆ సాయంత్రమే నీకు ఫోన్ చేస్తాను.

నీ
నాయిన