పాత జీపు రేకుకి మాటు వేస్తే అది మార్పా, మరమ్మతా?

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో పాత వాహనాల ఫొటోలు చూశాను. అందులో ఒక ఆకుపచ్చ జీపు తళతళలాడిపోతోంది. అందరూ దాని రంగు చూసి ముచ్చటపడి ఉంటారు. నాకు మాత్రం దాని కింద పడుకుని టార్చి వేసి చూడాలనిపించింది. పాత జీపు ఉన్నవాడి బుద్ధి అంతే.

నా దగ్గరా ఒకటుంది. మహీంద్రా సీజే-3బి, బానెట్ ఎత్తుగా ఉండే రకం, 1967 మోడల్. ప్రభుత్వ శాఖ వారి వేలంలో మా నాన్నగారు పాడుకున్నారు. 1986 ఆగస్టు గోదావరి వరదలో రాజోలు దగ్గర సీట్ల దాకా మునిగి మూడు రోజులు నీళ్ళలోనే ఉంది. ఆ తర్వాత నుంచీ కాకినాడ ఉప్పుగాలి. 1999 నాటికి డ్రైవరు కాళ్ళ కింద రేకు జల్లెడయింది. వానలో వెళితే రోడ్డు మీది నీళ్ళు కింద నుంచి పంట్లాం మీదికి చిమ్మేవి.

అప్పుడు దాన్ని బాగుచేసింది నేనే. ఇంటి గేటు చేయించగా మిగిలిన జీఐ రేకు, అంటే జింకు పూత ఉన్న ఇనప రేకు, ఉంది. తుప్పు మీద ఉప్పుకాగితం నాలుగుసార్లు రుద్ది, ఆ రేకు పైన పరిచి రివెట్లు కొట్టాను. ఒక మూల వెల్డింగ్ కూడా పెట్టాను. జీఐ రేకుని వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్లటి పొగ పీల్చకూడదని అప్పుడు తెలియదు, ఆ రాత్రి చలిజ్వరం వచ్చింది. పక్కల చిల్లుల్లో లప్పం కూరి, మొత్తం అడుగుకి తారు పూసి, పైన రంగు కొట్టాను. చూసినవాళ్ళంతా భలే చేశావన్నారు. నాకూ అలాగే అనిపించింది.

పోయినేడు అమ్ముదామనుకున్నాను. హైదరాబాద్ నుంచి ఒక కుర్రాడొచ్చాడు. జేబులోంచి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం తీసి బాడీ పక్కల వెంట నడిపించుకుంటూ వెళ్ళాడు. నాలుగు చోట్ల అంటుకోలేదు, అక్కడ ఉన్నది లప్పం మరి. తర్వాత కింద దూరి స్క్రూడ్రైవరుతో పొడిచాడు. తారు పెచ్చు ఊడింది, దాని వెనకాల గోధుమరంగు పొడి రాలింది. ఫోన్లో ఒప్పుకున్న ధరలోంచి లక్షా నలభై వేలు తగ్గించమన్నాడు. "తుప్పుకి తగ్గించమనడం లేదంకుల్. తుప్పున్న బండి చూసే వచ్చాను. మీ రేకు కింద ఇంకా ఎంత పోయిందో తెలియదు కదండీ, దానికి" అన్నాడు. నేను అమ్మలేదు. కానీ ఆ మాటకి ఎదురుచెప్పడానికి లేదు.

తర్వాత ఆ రేకు విప్పించాను. అప్పుడు తెలిసింది నేను చేసిన ఘనకార్యం. ఒకదానిమీద ఒకటి పరిచిన రెండు రేకుల మధ్య సన్నటి సందు ఉప్పునీటిని పీల్చి పట్టుకుంటుంది, ఎండాకాలంలోనూ పూర్తిగా ఆరదు. కింద తారు ఉండటంతో పైనుంచి దిగిన నీళ్ళకి బయటికి పోయే దారి లేదు. ఇనుము తుప్పయితే ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి రివెట్లు పిగిలిపోయాయి. చిల్లులు పడ్డ ఫ్లోరును అలాగే వదిలేసి ఉంటే ఫ్లోరు ఒక్కటే పోయేది. నా మాటు పుణ్యమా అని దాని కింద అడ్డపట్టీలు, చాసిస్ (బండిని మోసే ఇనప చట్రం) పైభాగం కూడా తుప్పు తినేసింది. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఇదే, పైగా నేనే మోసపోయాను.

ఈసారి వెల్డింగ్ తెలిసిన ఒక పెద్దాయన దగ్గర కూర్చుని చేయించాను. మెరిసే ఇనుము కనబడేదాకా తుప్పు భాగాన్ని కోసేశాం. అంత మందమే ఉన్న నల్లరేకుని ఆ కొలతకే కోసి, అంచుకి అంచు ఆనించి, వేడికి రేకు వంకరపోకుండా చుక్కలు చుక్కలుగా అతికించాం. రెడాక్సైడ్ పూశాం, కంపెనీ వాళ్ళు నీళ్ళు పోవడానికి పెట్టిన రంధ్రాలు మళ్ళీ తెరిచాం. ప్రతి దశకీ ఫొటో తీశాను. చాసిస్ మీద కొట్టిన నంబరు దగ్గరికి గ్రైండరు రానివ్వలేదు. ఆ అంకెలు అరిగితే తుప్పు కథ పక్కనబెట్టి పోలీసులకి కథ చెప్పుకోవాలి.

ఇంతవరకూ నా సొంత గోడు. పత్రికకి రాయాల్సి వచ్చింది దీని తర్వాతి సంగతి వల్ల.

కేంద్రం 2021 జూలైలో మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాలకి ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటిన సొంత వాడకం బళ్ళకి ఇది వర్తిస్తుంది. కొత్తగా చేయించుకుంటే 20,000 రూపాయలు, పదేళ్ళ తర్వాత మళ్ళీ చేయించుకుంటే 5,000. ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజువారీ తిరగడానికి కుదరదు. అదీ సబబే. చిక్కంతా నిర్వచనంలో ఉంది. బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్‌లోగానీ బాడీలోగానీ ఇంజన్‌లోగానీ మార్పుతో కూడిన భారీ మరమ్మతు జరిగి ఉండకూడదు అంటుంది.

మరి తుప్పుపట్టిన ఫ్లోరు కోసి అదే కొలత రేకు వేయడం మార్పా, మరమ్మతా? నేను అడిగిన రవాణా కార్యాలయంలో ఒకాయన "ఫ్లోరే మార్చేశారు, ఇంక ఒరిజినల్ ఎక్కడిదండీ" అన్నారు. పక్క బల్ల ఆయన "రిపేరే కదా, ఏం కాదులెండి" అన్నారు. ఇద్దరి దగ్గరా కాగితం మీద ఏమీ లేదు. తయారీదారు వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగానే చెప్పింది. అందుకని యజమానులు భయపడుతున్నారు. భయపడి ఏం చేస్తున్నారు? కోసి అతికించిన సంగతి దాచేస్తున్నారు, లేదా నా 1999 నాటి పద్ధతిలో లప్పం, తారు పూసేస్తున్నారు. ఇంకొందరు హర్యానాలోని మండీ డబ్వాలీ వైపు నుంచి కొత్త బాడీ తెప్పించి పాత చాసిస్ మీద దించేస్తున్నారు. తళతళలాడుతుంది, కానీ 1967లో బొంబాయి నుంచి వచ్చిన రేకు అందులో ఒక్క అంగుళం ఉండదు. ఈ బండికీ, ఫ్లోరులో రెండడుగులు మాత్రం మార్చిన నా బండికీ తేడా ఏ కాగితంలోనూ కనబడదు.

పాత జీపులు ఇకముందు పెరిగేవి కావు. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకి రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు, తుక్కు కింద పోతున్నాయి. మా నాన్నగారిలా వేలంలో జీపు పాడుకుని ఇంటికి తోలుకొచ్చే కాలం అయిపోయింది. ఉన్నవాటిలో ఉప్పుగాలి ఊళ్ళలోవి ఎన్ని మిగులుతాయో యజమానులు షెడ్డులో ఏం చేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది.

రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలకీ నా మనవి ఇది. తుప్పుకోసం చేసే ఏ పని అసలు రూపం కిందికి వస్తుందో, ఏది రాదో ఒక పేజీ రాసి అన్ని ఆఫీసుల్లో గోడకి అంటించండి. పనికి ముందూ తర్వాతా తీసిన ఫొటోలు, ఎన్ని అంగుళాలు మార్చారన్న వివరం దరఖాస్తుతో జతచేస్తే తీసుకోండి, ఆ సంగతి రికార్డులో రాయండి. దాచకుండా చెప్పినవాడికి నష్టం లేదని తెలిస్తే సగం లప్పం డబ్బాలు షాపులోనే ఉండిపోతాయి. ఐటీఐల్లో వెల్డర్, షీట్ మెటల్ తరగతులు ఎలాగూ ఉన్నాయి. సెలవు రోజుల్లో యజమానులకి ఒక పూట నేర్పించినా చాలు. ఫీజు కడతాం.

నేను విప్పించిన జీఐ రేకు, దాని రివెట్లు, దాని వెనకాల తుప్పు పొడి అన్నీ షెడ్డులో దాచాను. తనిఖీకి వచ్చే అధికారులు ఎవరైనా చూస్తామంటే మా ఇంటికి వస్తే చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కాకినాడ