బావ బండి బరువు

ఒరేయ్ శీనుగా,

నీ రెండు ఉత్తరాలకి జవాబు బాకీ ఉన్నాను, తిట్టుకో. ఇక్కడ అందరం బాగున్నాం, పాపకి ముందు పళ్ళు ఊడాయి, నా ఉద్యోగం ఇంకా ఉంది. మీ అమ్మగారి మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి. ఇక అసలు సంగతి, ఇది నీకు చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

బావ బండి కొన్నాడురా. మూడు వరసల సీట్లు, ఎక్కడానికి మెట్టు, మీ వీధి మలుపు తిరగదు. ఎందుకంటావా, ఇడ్లీ పిండి వేయడానికి! అక్కా బావా డాలస్ చుట్టుపక్కల ఇండియన్ స్టోర్లకి పిండి డబ్బాలు వేస్తున్నారని రాశాను కదా.

షోరూమ్‌కి నన్నూ లాక్కెళ్ళాడు. మనవాళ్ళు ముందు ఏమడుగుతారు? ‘ఎంతిస్తుంది?’ అనేగా. (సత్తెనపల్లి బంకు దగ్గర నీ ఘనకార్యం అక్కకి ఇంకా చెప్పలేదు, భయపడకు.) బావ మైలేజీ మాటే ఎత్తలేదు. ప్రతి బండికీ డ్రైవర్ తలుపు తీయడం, వంగడం, అక్కడ అంటించిన స్టిక్కర్ చదవడం. అక్కకి నచ్చిన హైబ్రిడ్ గ్యాలన్‌కి 40 మైళ్ళు దాకా ఇస్తుందిరా! బావ స్టిక్కర్ చూసి ‘5,000 కూడా లేదు, పద’ అన్నాడు. లోడుతో సహా గరిష్ఠ బరువు 6,000 పౌండ్లు దాటాలట, అంటే 2,700 కిలోల పైమాటే. నాకు తెలిసి బరువు చూసి కొనేది బంగారం ఒక్కటే.

సంగతేమిటంటే, వ్యాపారానికి సగానికి పైగా వాడే బండి ఆ బరువు దాటితే, దాని ఖరీదులో వ్యాపారం వాటా అంతా మొదటి ఏడాదే పన్ను లెక్కల్లో ఖర్చు కింద రాసేసుకోవచ్చు. మామూలు కారుకైతే 20 వేల డాలర్ల దగ్గర ఆపేస్తారు. ‘ఫ్రీగా వచ్చినట్టేగా’ అంటాడు బావ. ‘ఫ్రీ కాదు, మనం కట్టే పన్ను కొంచెం తగ్గుతుంది. దానికోసం 75 వేలు పోస్తారా?’ అని అక్క షోరూమ్‌లోనే అందుకుంది. సేల్స్‌మన్‌కి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది.

ఇంతకీ బావ కొన్నది ఊళ్ళో గ్యాలన్‌కి 15 మైళ్ళు ఇస్తుంది. మన లెక్కలో లీటరుకి ఆరున్నర కిలోమీటర్లు కూడా రాదు. ఇంటికొచ్చి కుతూహలం ఆపుకోలేక చదివాను. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాక, 1975లో వీళ్ళు మైలేజీ చట్టం తెచ్చారు. కార్లకి గట్టి లక్ష్యం, ట్రక్కులకి తేలిక లక్ష్యం, ఎందుకంటే అవి రైతులవీ పనివాళ్ళవీ అని. ఇంకేం, కంపెనీలు కార్లనే ట్రక్కులు చేశాయి. వెనక సీటు ఊడదీస్తే చదునుగా ఉంటుందని పీటీ క్రూజర్ అనే చిన్న కారుని ట్రక్కన్నారు. 2004లో సుబారు వాళ్ళు ఔట్‌బ్యాక్ అనే కారుని కొంచెం పైకి లేపి ట్రక్కుల్లో కలిపేశారు. ఎక్కువ పెట్రోల్ తాగే కొత్త కార్ల మీద 1978లో తెచ్చిన ఒక పన్ను ఉంది, 1,000 నుంచి 7,700 డాలర్ల దాకా. బావకి అది పడలేదు, ఎస్‌యూవీలకి మినహాయింపు.

మన దగ్గర తిరకాసు రివర్సులో ఉంటుంది చూడు. 4 మీటర్ల లోపు ఉంటే పన్ను తక్కువని, 2012లో డిజైర్ డిక్కీ కోసేశారు. మీ అన్నయ్య ఆ డిక్కీలో గ్యాస్ సిలిండర్ పెట్టబోయి... సరే వదిలేయ్, ఆయన కంటపడితే నా పని అయిపోతుంది. కానీ అక్కడ కనీసం చిన్నదానికి లాభం. ఇక్కడ బరువు పెంచినవాడికి బహుమతి!

నాకు ఒళ్ళు మండింది ఎక్కడంటే, 2025 జులైలో ట్రంప్ సంతకం చేసిన ఒక్క చట్టంలోనే మూడూ ఉన్నాయి. ఖరీదంతా మొదటి ఏడాదే రాసుకునే వీలు మళ్ళీ తెచ్చారు, అదీ శాశ్వతంగా. మైలేజీ లక్ష్యం తప్పిన కార్ల కంపెనీలకి జరిమానా సున్నా చేశారు. కొత్త కరెంటు కారుకి 7,500 డాలర్ల దాకా ఇచ్చే రాయితీ సెప్టెంబర్ ఆఖరుతో ఎత్తేశారు. లక్ష్యాల్ని మాత్రం ఆ చట్టం రద్దు చేయలేదు, కాగితం మీద ఉంచేసింది. దీనికి తోడు మా టెక్సాస్‌లో కరెంటు కారుకి ఏటా 200 డాలర్లు అదనం. పెట్రోల్ మీద వచ్చే రోడ్డు పన్ను ఆ కార్లవాళ్ళు కట్టడం లేదు కదా అంటారు. అందులో న్యాయం లేకపోలేదు, అది వేరే సంగతి. కానీ అదే చేత్తో...

ఇదంతా బావకి చెప్పాను. ‘చట్టం నేను రాశానట్రా? వాళ్ళు ఇస్తుంటే వద్దనడానికి నేనేమన్నా హరిశ్చంద్రుడినా?’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, నిజంగా. తప్పు బావదనిపించదు. ఓటుహక్కు ఉన్నవాడు కూడా కాదు పాపం, గ్రీన్‌కార్డు క్యూలోనే ఉన్నాడు. అక్క మాత్రం ఇంకా మాట్లాడటం లేదు, పెట్రోల్ బిల్లులు ఫ్రిజ్ మీద అంటిస్తోంది. నిన్న ఆవిడ

అయ్యో, పాప డాన్స్ క్లాసు వదిలే టైమైపోయింది, లేటైతే టీచరు ఊరుకోదు. పోస్ట్ చేసేస్తున్నా, నిన్నటి గొడవ తరవాత రాస్తా.

నీ,
రవిగాడు