నీ నడుము గురించి

తమ్ముడూ,

నడుముకి బెల్టు బిగించుకుని ఖమ్మం నుంచి మణుగూరు దాకా బైకు మీదే తిరుగుతున్నావట, అమ్మ చెప్పింది. నాలుగు రోజులు సెలవడిగితే పార్టీ కమిటీలో "మధ్యతరగతి బలహీనత" అన్నారట కదా! ఫోన్లో చెబితే మధ్యలోనే పెట్టేస్తావని రాస్తున్నా.

కాలిఫోర్నియాలో మా బేకర్స్‌ఫీల్డ్ నుంచి కారులో గంట కూడా పట్టదు, కీన్ అనే కొండ ఊరు. అమెరికా పొలం కూలీల సంఘం నాయకుడు సీజర్ చావెజ్ సమాధి అక్కడే. 1965 డెలానో ద్రాక్ష సమ్మె, 1968లో 25 రోజుల నిరాహార దీక్ష, ఇవన్నీ నాకు నువ్వే చెప్పావు. తర్వాతి సంగతులు ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు.

1970ల మొదట్లో సంఘం ఆఫీసు ఆ కొండమీద పాత క్షయ ఆస్పత్రికి మారింది. లా పాజ్ అన్నారు. సంఘానికే పూర్తికాలం పనిచేసే హోల్‌టైమర్లకి వారానికి 5 డాలర్లు, తిండి, గది. 1977లో చావెజ్ అక్కడికి "గేమ్" తెచ్చాడు. సినానన్ అని మత్తు మాన్పించే సంస్థ ఒకటి, వాళ్ళ పద్ధతి. గుండ్రంగా కూర్చుంటారు, ఒక్కణ్ణి పట్టుకుని అందరూ నిందలూ బూతులూ. మీ పార్టీ మీటింగుల్లో ఆత్మవిమర్శ అంత ఘోరం కాదులే. అదే ఏప్రిల్లో కుట్రదారులని ముద్రవేసి కొందరిని గెంటేశారు. మరుసటేడు జీతాలడిగిన లాయర్ల విభాగమే చెదిరిపోయింది.

నన్ను వదలనిది ఆ 5 డాలర్లే. డబ్బు చాలదని కాదు. మంచం సంఘానిది, అన్నం సంఘానిది, స్నేహితులూ సంఘంవాళ్ళే. కాదన్న రాత్రి ఎక్కడ పడుకోవాలి? పైగా నిద్రలేని మనిషికి ఎదురు చెప్పే ఓపికెక్కడిది! రోజూ ద్రాక్షతోటల కూలీల నడుములు చూసే ఫిజియోథెరపిస్టుని, నొప్పిలో ఉన్నవాళ్ళు ఏ కాగితమిచ్చినా సంతకం పెట్టేస్తారు. చావెజ్ కూడా దీక్ష చేసిన ఏడాదే నడుము నొప్పితో మంచం పట్టాడు. అంత తెలిసిన మనిషి మిగతావాళ్ళని ఎందుకు పడుకోనివ్వలేదో నాకు అర్థం కాదు.

పార్టీ వదలమనను. నాన్న ఉన్నా అనడు. గది మాత్రం నీ పేరున అద్దెకి తీసుకో, ఆఫీసు మేడమీద పడుకోకు. కాలు తిమ్మిరెక్కుతోందా? ఎక్కుతుంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

ఎమ్మారైకి డబ్బు అమ్మ ఖాతాలో వేశాను. నీ ఖాతాలో వేస్తే ఎటు పోతుందో నాకు తెలుసు. రిపోర్టు ఫోటో పంపు, పార్టీ ఫండు రసీదు కాదు.

మీ అక్క