నెపమంతా దోమల మీదకి తోసేస్తే ఎలా?

సంపాదకులు గారికి నమస్కారం.

18వ శతాబ్దంలో చైనా చింగ్ సామ్రాజ్యం బర్మా మీదకి నాలుగుసార్లు దండెత్తి ఎందుకు విఫలమైందో చెబుతూ మీరు వేసిన వ్యాసం చదివాను. అడవులు, వానలు, మలేరియా అని తేల్చేశారు. నిజమే, కానీ సగమే. మలేరియా మొదటి ఏడాది కొత్త కావచ్చు, నాలుగో ఏడాదికి కూడా కొత్తేనా? 1765 నుంచి 1769 దాకా సైనికులను అవే జ్వరాల్లోకి మళ్లీ మళ్లీ ఎందుకు తోశారన్నది అసలు ప్రశ్న, దానికి జవాబు బీజింగ్‌కి వెళ్లిన రిపోర్టుల్లో దొరుకుతుంది.

అప్పటి చింగ్ చక్రవర్తి చియన్‌లుంగ్ అప్పటికే మధ్య ఆసియాలోని జుంగార్లనే సంచార జాతిని తుడిచిపెట్టి మంచి ఊపు మీద ఉన్నాడు. బర్మా ఆయన దృష్టిలో ఒక సరిహద్దు గొడవ, బర్మాను ఆనుకుని ఉన్న చైనా రాష్ట్రం యునాన్‌లోని దళాలే చాలనుకున్నాడు. మొదటి దాడి విఫలమైతే అక్కడి గవర్నర్ జనరల్ ల్యూ జావ్ ఆ సంగతి దాచబోయి దొరికిపోయాడు, ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన తర్వాత వచ్చిన యాంగ్ యింగ్‌జు ఇంకో అడుగు ముందుకేశాడు. ఐరావతి ఒడ్డున కౌంగ్‌టన్ కోటలో బర్మా సేనాని బాలమిందిన్ లొంగకుండా నిలబడితే, బయట తన మనుషులు రోగాలతో రాలిపోతుంటే, గెలుస్తున్నామని రాసి పంపాడు. చక్రవర్తికి అనుమానం వచ్చి ఆరా తీయిస్తే బండారం బయటపడింది, ఆయన్ని పిలిపించి ప్రాణం తీసుకోమని ఆజ్ఞాపించారు. ఓడిపోయామని చెప్పినా తల పోతుంది, దాచినా పోతుంది అన్నప్పుడు ఏ అధికారి ఉన్నది ఉన్నట్టు రాస్తాడండీ?

మూడో దాడికి పట్టమహిషి మేనల్లుడు మింగ్‌రుయి మంచూ (చింగ్ పాలకుల సొంత జాతి) దళాలతో వచ్చాడు. సమర్థుడే. గోక్‌టెయిక్ లోయ దగ్గర గెలిచి రాజధాని ఆవాకి దాదాపు 50 కిలోమీటర్ల దూరం దాకా వచ్చేశాడు. కానీ ముందుకొచ్చేకొద్దీ వెనక తిండి వచ్చే దారి పొడవైపోయింది. బర్మా వాళ్లు సరిగ్గా అక్కడే దెబ్బకొట్టారు, సెన్వీలో ఉన్న సప్లై స్థావరాన్ని పట్టుకున్నారు, ఉత్తరం నుంచి వచ్చి కలవాల్సిన రెండో సైన్యమేమో ఆ కౌంగ్‌టన్ దగ్గరే ఇరుక్కుపోయింది. 1768లో వెనక్కి మళ్లుతున్న మింగ్‌రుయిని బర్మా సేనాని మహా తిహ తుర మేమ్యో ఊరి దగ్గర చుట్టుముట్టాడు. మింగ్‌రుయి విధేయతకు గుర్తుగా తన జడ కోసి చక్రవర్తికి పంపించి ప్రాణం తీసుకున్నాడు. చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది, కానీ ఇది దోమలు చేసిన పని మాత్రం కాదు. పైగా ఈ యుద్ధం మొదలైనప్పుడు బర్మా సైన్యంలో పెద్ద భాగం సయాంలో (నేటి థాయ్‌లాండ్) ఉంది, 1767 ఏప్రిల్‌లో దాని రాజధాని అయుత్తయను పడగొట్టాకే వాళ్లు వెనక్కి రాగలిగారు. రెండు వైపులా యుద్ధం పెట్టుకుని నిలబడటం మామూలు విషయమా?

నాలుగోసారి మింగ్‌రుయి చిన్నాన్న ఫుహెంగ్ వచ్చాడు, మళ్లీ అదే కోట, అవే జ్వరాలు. 1769 డిసెంబర్‌లో రెండు వైపుల సేనానులూ ఒప్పందం చేసుకుంటే అది ఇద్దరు రాజులకీ నచ్చలేదు. జబ్బుతో తిరిగెళ్లిన ఫుహెంగ్ 1770లో చనిపోయాడు. ఇంత జరిగినా చియన్‌లుంగ్ తన పది ఘన విజయాల జాబితాలో బర్మాను చేర్చుకున్నాడు! ఓటమిని విజయంగా రాసుకునే దర్బారు దాన్నుంచి ఏం నేర్చుకుంటుంది? 1788లో వియత్నాం మీదకి సున్ షియి అనే అధికారిని సైన్యంతో పంపారు, రాజధాని థాంగ్‌లాంగ్ (నేటి హనోయ్) సులువుగా దక్కేసరికి అతను పని అయిపోయిందనుకున్నాడు. 1789 కొత్త సంవత్సరం పండుగ రోజుల్లో వియత్నాం చక్రవర్తి క్వాంగ్ చుంగ్ మెరుపుదాడి చేస్తే చింగ్ సైన్యం నది దాటి పారిపోబోయింది, వంతెన కూలి చాలామంది మునిగిపోయారు. అది కూడా ఆ జాబితాలో ఉంది.

ఇంత మంచి విషయం ఎత్తుకున్నారు కాబట్టి అడుగుతున్నాను, గెలిచినవాళ్ల వైపు నుంచి కూడా ఒక వ్యాసం వేయండి. ఆ కోటను అన్నిసార్లు కాపాడిన బాలమిందిన్ పేరు మీ వ్యాసంలో ఒక్కచోట కూడా రాలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు