దగ్గు తగ్గిందా?

చిట్టితల్లీ,

నీ దగ్గర్నుంచి కబురు లేక మూడు వారాలైంది. పనిలో ఉన్నావనుకుని ఊరుకున్నాను. నిన్న రాత్రి చిన్నత్త ఫోన్ చేసి, మాట మాటకీ దగ్గుతున్నావని చెప్పింది. గోరంతను కొండంత చేస్తుందని నువ్వు అంటావు, నిజమే. సరే, అది తరవాత.

పొడిరంగు కడ్డీలతో, అదే పాస్టెల్‌తో, నువ్వు వేసిన బొమ్మ ఫొటో బాబ్జీ చూపించాడు. నీలం మీద ఆ పసుపు గీతల్ని ఏ ఆకారంలోకీ జారిపోకుండా నిలబెట్టావు. చెయ్యి దానంతటదే కొండో చెట్టో గీసేస్తుంది, ఆపడం తేలిక కాదు. కానీ కింద ఎడమ మూల మాసినట్టుంది. రంగు రాలకుండా కొట్టే ఫిక్సేటివ్ స్ప్రే ఎక్కువ కొట్టావు కదూ? రేణువుల మధ్య గాలి ఉండబట్టే పాస్టెల్‌కి ఆ వెలుగు. ఆ సందుల్లో జిగురు నిండితే లేత రంగులే ముందు మసకబారతాయి. 30 సెంటీమీటర్ల దూరం నుంచి పలచగా ఒక్కసారి కొట్టి, ఆరాకే రెండోది. పై పొరలోని పసుపు మటుకు అన్నీ అయ్యాక వెయ్యి, దాని మీద కొట్టకు. కొట్టేదేదో ఆరుబయట కొట్టు. గదిలో కొడుతున్నావేమో, దగ్గు దానివల్లేనేమో.

రాలిన పొడిని నోటితో ఊదుతున్నావా? ఊదితే గాల్లోకి లేచి మళ్ళీ నీ ముక్కులోకే వస్తుంది. బోర్డును కొంచెం ముందుకు వాల్చి పెట్టు, పొడి బొమ్మ మీద జారకుండా నేరుగా కిందికి రాలుతుంది. కింద తడిగుడ్డ పరిచి, పనయ్యాక మడిచి తీసెయ్యి. చీపురు ముట్టుకోకు, నేల కూడా తడిగుడ్డతోనే తుడువు. N95 మాస్కు, చేతులకి నైట్రైల్ గ్లోవ్స్. వేలితో రుద్దడం తగ్గించు. రుద్దితే కాగితం గరుకు పూడిపోయి తరవాతి రంగు పట్టదు, చర్మానికీ మంచిది కాదు.

నీ బొమ్మ చూస్తే అమెరికా చిత్రకారుడు ఆర్థర్ డోవ్ గుర్తొచ్చాడు. పత్రికలకి బొమ్మలేసి బతికేవాడు, మానేసి నైరూప్య చిత్రాల్లోకి దిగాడు. 1912లో న్యూయార్క్‌లో ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ తన ‘291’ అనే గ్యాలరీలో డోవ్ పాస్టెల్స్ ప్రదర్శించాడు. ఆకులూ తెరచాపలూ కొండలూ వంపులుగా, కోణాలుగా మిగిలిన బొమ్మలవి. డోవ్ తండ్రి ఇటుకల వ్యాపారి, కలిగినవాడు. నెలకి 100 డాలర్లు సాయం చెయ్యమని స్టీగ్లిట్జే వెళ్ళి అడిగాడు. ఈ పిచ్చిని ప్రోత్సహించనని ఆ తండ్రి కాదన్నాడు. డోవ్ కోళ్ళు పెంచాడు, పొలం చేశాడు. తరవాత చిత్రకారిణి హెలెన్ టార్‌తో ఏళ్ళ తరబడి పడవలో కాపురం ఉన్నాడు. ఆ ఇరుకులోనూ బొమ్మలు వేశాడు. 1930 నుంచి బొమ్మలు సేకరించే డంకన్ ఫిలిప్స్ నెలనెలా డబ్బు పంపాక కొంచెం ఊపిరాడింది. బయటివాడు పంపాడమ్మా, కన్నవాడు కాదు. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. నేను ఆ తండ్రిని కాను. కాగితానికో, డాక్టరుకో కావాలంటే నోరు తెరిచి అడుగు.

ఫ్రేము సంగతి. అద్దం బొమ్మకి తగలకూడదు, మధ్య కనీసం 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అక్రిలిక్ వద్దు, దాని స్థిరవిద్యుత్తు పొడిని లాగేస్తుంది. గాజే వేయించు. ఫ్రేము కట్టేదాకా గ్లాసీన్ అనే నున్నటి పలచ కాగితం కప్పి పడుకోబెట్టి ఉంచు, దాని మీద ఏమీ పేర్చకు.

ఇంతకీ దగ్గు పొడిదా, కఫంతోనా? రాత్రి ఎక్కువవుతోందా? రంగుల గదిలో పడుకోకు, ఆ గదిలో తినకు. నీ పెట్టెలో కాడ్మియం, కోబాల్ట్ అని హానిచేసే లోహాల పేర్లు రాసి ఉన్న కడ్డీలు ఏమేం ఉన్నాయో చూసి నాకు రాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ పేర్లు కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళు. ఈ వారంలోనే వెళ్ళు.

నాన్న